బాలానగర్ తొవ్వలో

గాలి ఏ దిక్కు నుంచి తోలుతున్నదో మా ఫతేనగర్ గల్లీ పిల్లలకు ముక్కుకే ఎరుక. ఉత్తరపు గాలైతే ఐ.డి.పి.ఎల్. మందుల వాసన వచ్చేది, కొంచెం చేదుగా, కొంచెం తీపిగా, జ్వరమప్పుడు మింగలేక నాలిక మీదే కరిగిపోయిన గోళీ లాగ. రైలు పట్టాల వైపు నుంచి వీస్తే బొగ్గు పొగ, గూడ్సు బండ్లకు ఇంకా ఆవిరి ఇంజన్లే ఉండిన కాలం అది. నాలా వైపు నుంచి వస్తే అమ్మ లేచి కిటికీ రెక్క మూసేది. కూకట్‌పల్లి నాలా మా వెనక నుంచి బేగంపేట మీదుగా హుస్సేన్‌సాగర్‌కు పోయేది, దాని నీళ్ళు ఒకనాడు పసరు రంగులో, ఒకనాడు ఇటుక పొడి రంగులో, ఇంకొకనాడు నురగలు కట్టి పారేవి. ఇవన్నీ కాక పొద్దుమీకి ఇంట్లోకి నడిచొచ్చే వాసన ఒకటుండేది. నాయిన చొక్కాకు పట్టిన లేత్ నూనె, దాంట్లో కలిసిన కాలిన ఇనుము, దారిలో తాగిన బీడీ. ఆయన కాళ్ళూ చేతులూ కడుక్కుని గోళ్ళ సందుల్లో మిగిలిన నలుపుతోనే అన్నానికి కూర్చుంటే, నేను పోయి ఆయన మోకాలికి ఆనుకుని కూర్చునేదాన్ని.

నాయినది మెదక్ జిల్లా నర్సాపూర్ దిక్కు పల్లె. ఆ ఊరి దుమ్ము రోడ్డు వచ్చి వచ్చి బాలానగర్ దగ్గర ఆగేది, అందుకే ఆ కూడలిని ఇప్పటికీ నర్సాపూర్ చౌరస్తా అంటారు. చెరువు నిండని ఏడు ఆయన ఆ రోడ్డెంబడే వచ్చి, చుట్టాలాయన అర్రలో నలుగురితో పాటు పండుకుని, ఒక లేత్ షెడ్డులో ఊడ్చే పనికి కుదిరాడు. ఆ రోడ్డు మీద ఆయన లాంటి వాళ్ళు ఎంతమంది వచ్చారో! మెదక్ నుంచి, పాలమూరు నుంచి, నల్లగొండ నుంచి, అటు గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి, కేరళ నుంచి కూడా. మా గల్లీలో ఒక్కో అర్రలో ఒక్కో యాస వినిపించేది. వాళ్ళందరినీ పిలిచింది పట్నం కాదు, పట్నం అంచున మొలిచిన ఫ్యాక్టరీలు.

ఎండాకాలం రాత్రుళ్ళు గల్లీలో నవారు మంచాలు వేసుకుని పెద్దవాళ్ళు ఆ ఫ్యాక్టరీల పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకునేవారు. నిజాం సర్కారు 1929లోనే పరిశ్రమల కోసమని ఒక నిధి పెట్టిందట, 1942లో సనత్‌నగర్ ఆల్విన్ దాని చలవతోనే లేచిందట. మరుసటేడు కవాడిగూడలో ప్రాగా టూల్స్, 1946లో సిమెంటు రేకుల ఫ్యాక్టరీ. మా అర్ర మీది రేకులు కూడా సనత్‌నగర్‌లో తయారైనవే, చార్మినార్ బ్రాండువి, ఎండాకాలం వాటి కింద నిలబడలేకే మేం గల్లీలో పడుకునేది. ఆ తర్వాత కేంద్రం వంతు వచ్చింది. రష్యా సాయంతో ఐ.డి.పి.ఎల్., చింతల్ దగ్గర హెచ్.ఎమ్.టి., బాలానగర్‌లో విమానాల హెచ్.ఏ.ఎల్., రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్., 1967లో అటు తూర్పున ఇ.సి.ఐ.ఎల్. అన్నీ ఒక పదేళ్ళ నడుమ. చేలల్లో, రాళ్ళ గుట్టల్లో, ఊళ్ళకు దూరంగా. అప్పుడు అక్కడ ఖాళీ జాగకు కొదవ లేదు.

పొద్దుగాల సైరన్ కూసేసరికి తొవ్వ నిండా సైకిళ్ళు. హ్యాండిలుకు తగిలించిన టిఫిన్ డబ్బా ఒక్కో గుంతకూ ఒక్కో చప్పుడు చేసేది. ఖాకీ వాళ్ళెవరు, నీలం వాళ్ళెవరు, చొక్కా జేబు మీద బిళ్ళ ఎవరిది, ఏ షిఫ్టు వాళ్ళు ఎదురొస్తున్నారు, ఏ షిఫ్టు వాళ్ళు కళ్ళు ఎర్రబడి తిరిగొస్తున్నారు, ఇవన్నీ మాకు ఎక్కాల కంటే ముందే వచ్చాయి. హెచ్.ఎమ్.టి. అంటే మా ఊళ్ళో చుట్టాలు చేతి గడియారమే అనుకునేవారు, ఒకటి తక్కువ ధరకు ఇప్పించమని నాయిన్ని అడిగేవారు. చింతల్‌లో చేసేవి గడియారాలు కావు, యంత్రాలను తయారుచేసే యంత్రాలనీ, వాటితో పాటు కరెంటు బల్బులనీ ఆయన ఎంత ఓపికగా చెప్పినా వాళ్ళ మొహాల్లో నిరాశ పోయేది కాదు. నాయినకు మాత్రం యంత్రాన్ని చేసే యంత్రం అంటే దేవుడి తర్వాతి దేవుడు.

బడి లేనిరోజు సద్ది పట్టుకుని నేనే షెడ్డుకు పోయేదాన్ని. బాలానగర్ రోడ్డు దిగి లోపలికి తిరిగితే గల్లీ రెండు వైపులా షెడ్లే షెడ్లు, ఒక్కో దాంట్లోంచి ఒక్కో మోత. నాయిన షెడ్డులో నాలుగు లేత్‌లు, ఒక షేపర్, ఒక డ్రిల్లింగ్ మిషన్, మూలకు సాన. మిషన్ మీద తెల్లటి కూలెంటు నీళ్ళు సన్నగా కారుతుంటే ఉక్కు కడ్డీ గిర్రున తిరిగేది, టూల్ తగిలినచోట ఉక్కు నీలంగా వేడెక్కి, చుట్టలు చుట్టుకుంటూ తెగి కింద పడేది. ఆ చుట్టలు నాకు పండుగ తోరణాలకంటే అందంగా కనబడేవి. ముట్టబోతే ఉస్తాద్ కేకేసేవాడు, "హాత్ నై లగానా బేటీ, కట్ జాతా!" ఆయన కుర్రతనంలో ప్రాగాలో పని నేర్చినవాడు, ఆయన నేర్పితే నాయిన నేర్చినవాడు. ఉస్తాద్ మిషన్ వైపు చూడకుండానే, బయట చాయ్ తాగుతూ, చప్పుడు మారిందంటే లోపలికి అరిచేవాడు, టూల్ మొద్దుబారిందనో, కడ్డీ బిగువు తప్పిందనో. మఖ్మల్ గుడ్డ పరిచిన డబ్బాలో ఆయన మైక్రోమీటరు ఉండేది. దాన్ని ముట్టే హక్కు ఆయన తర్వాత నాయినకొక్కడికే.

షెడ్డు యజమాని, మా సేటు, ఎక్కడి నుంచో డ్రాయింగులు తెచ్చేవాడు, నీలం గీతల పెద్ద కాగితాలు, విప్పగానే అమ్మోనియా ఘాటు గుప్పున కొట్టేది. ఒక పెద్ద ఫ్యాక్టరీకి కావలసిన బుష్షులు, షాఫ్టులు, ఫ్లాంజీలు, పిన్నులు, వాల్వు ముక్కలు, అవే మా అన్నం. పెద్ద ఫ్యాక్టరీ లోపల చేయలేనివి, చేస్తే గిట్టుబాటు కానివి ఈ షెడ్లకు వచ్చేవి. ముక్కలు తయారయ్యాక వాళ్ళ ఇన్‌స్పెక్టర్ గేజీ పెట్టి చూసేవాడు. వెంట్రుక వాసి తేడా వచ్చినా పక్కకు పడేసేవాడు. ఆయన పక్కన పెట్టిన ముక్కను నాయిన ఇంటికి తెచ్చి దీపం ముందు తిప్పి తిప్పి చూసేవాడు, తప్పు తనకు దొరికేదాకా నిద్ర పోయేవాడు కాదు. ఇప్పుడు అనిపిస్తుంది, ఆ ఇన్‌స్పెక్టర్లే మా గల్లీకి పంతుళ్ళు. అంత కచ్చితంగా కొలిచి తీసుకునేవాళ్ళు ఉండబట్టే అంత కచ్చితంగా చేసే చేతులు తయారయ్యాయి. 1968లో బాలానగర్‌లోనే పెట్టిన టూల్ డిజైన్ సంస్థ, సి.ఐ.టి.డి., చదువుకున్న పిల్లలకు ఆ కచ్చితత్వం నేర్పింది. చదువుకోని వాళ్ళకు షెడ్లు నేర్పాయి. 1970లో అక్కడే మొదలైన ఎమ్‌టార్ లాంటి కంపెనీలు అణు రియాక్టర్లకూ ఇస్రో రాకెట్లకూ భాగాలు చేసి ఇచ్చాయి. నింగికి పోయినదాంట్లో ఒక ముక్క మా బాలానగర్‌ది.

బిల్లు పాసవటం మీదే బతుకంతా నడిచేది. పెద్ద ఫ్యాక్టరీలో బిల్లు ఆగితే సేటు జీతం సగమే ఇచ్చేవాడు, నాయిన కిరాణం ఖాతాలో సగమే కట్టేవాడు, కిరాణమాయన మోండా మార్కెట్‌లో సరుకు సగమే తెచ్చేవాడు, ఇంటామె కిరాయికి మూడుసార్లు వచ్చి తలుపు కొట్టేది. బిల్లు పాసైన సాయంత్రం గల్లీ మొత్తానికీ తెలిసిపోయేది. చాయ్ హోటల్లో కప్పుల చప్పుడు పెరిగేది, అమ్మ పావుకిలో మాంసానికి డబ్బులిచ్చి నన్నే పంపేది, కిరాణమాయన ఎర్ర అట్ట పుస్తకంలో మా పేరు మీద అడ్డంగా గీత కొట్టి నా చేతిలో రెండు చాక్లెట్లు పెట్టేవాడు.

జీతాల రోజు పెద్ద ఫ్యాక్టరీ గేటు ముందు చిన్న జాతరే సాగేది. చీరల మూటలు విప్పుకున్నవాళ్ళు, స్టీలు గిన్నెలవాళ్ళు, మిర్చి బజ్జీల బండి, చిట్టీలవాళ్ళు, చేతిలో చీటీ పట్టుకుని ఒక్కొక్క మొహం వెతుక్కునే వడ్డీ వ్యాపారులు. యూనియన్ వాళ్ళ ఎర్ర జెండా కింద ఒకాయన గొంతు బొంగురుపోయేదాకా మాట్లాడేవాడు. కొందరి భార్యలు చంటిపిల్లను చంకనేసుకుని గేటు దగ్గరే నిలబడేవారు, జీతం కల్లు కాంపౌండుకు చేరకముందే అందుకోవాలని. ఆ ఆడవాళ్ళ మొహాలు నాకు బాగా యాదికున్నాయి. గేటులోంచి మనిషి కనబడగానే ముందు జేబు వైపు చూసేవాళ్ళు.

పెళ్ళి సంబంధాల్లో పిల్లగాడి ఊరు, ఇంటిపేరు తర్వాత మూడో ప్రశ్న ఏ ఫ్యాక్టరీ అని, నాలుగోది పర్మినెంటేనా అని. మా ఇంటామె పెద్ద కొడుకు ఆల్విన్‌లో పర్మినెంటు. ఆల్విన్ వాళ్ళు బస్సుల బాడీలు కట్టేవారు, బీరువాలు చేసేవారు, ఫ్రిజ్‌లు చేసేవారు, తర్వాత్తర్వాత జపాన్ సీకోతో కలిసి చేతి గడియారాలూ చేశారు. ఆయన ఇంటికి ఒక ఫ్రిజ్ రిక్షాలో తాళ్ళు కట్టుకుని వచ్చిన రోజు గల్లీ పిల్లలమంతా దాని వెనక ఊరేగింపుగా నడిచాం. దానికి ముందు గదిలో జాగ ఇచ్చి, పైన లేసు గుడ్డ పరిచి, గుడ్డ మీద ప్లాస్టిక్ పూలు పెట్టారు. సాయంత్రం ఇంటామె ఐసు ముక్కలు గిన్నెలో వేసి తలా ఒకటి పంచింది. కరిగిపోకుండా అమ్మకు చూపించాలని పిడికిట్లో పట్టుకుని పరుగెత్తినవాళ్ళలో నేనూ ఉన్నాను.

మేనమామది ఐ.డి.పి.ఎల్. ఆయన క్వార్టర్‌కు పోవటమంటే మాకు ఊరికి పోవటం కంటే సంబరం. గేటు దాటగానే ఎండ తగ్గేది, అన్ని చెట్లుండేవి. వెడల్పాటి రోడ్లు, బడి, ఆసుపత్రి, సహకార దుకాణం, నల్లాలో పొద్దంతా నీళ్ళు. మామ ఇంట్లో సోవియట్ భూమి పత్రిక దొంతరలు, వాటి నున్నటి కాగితాలే మా నోటుబుక్కులకు అట్టలు, విశాలాంధ్రలో కొన్న రష్యా పిల్లల కథల పుస్తకాలు. మామ చదివింది పన్నెండే, కానీ రియాక్టర్ దగ్గర నిలబడి ఏ మందు ఏ వేడిలో ఏ రంగుకు తిరగాలో చెప్పగలిగేవాడు. అలా చెప్పగలిగిన వందల మంది అక్కడ తయారయ్యారు. ఆ ఆవరణలో పనిచేసి బయటికొచ్చిన శాస్త్రవేత్తల్లో అంజిరెడ్డి గారొకరు, ఆయన 1984లో పెట్టిన డాక్టర్ రెడ్డీస్ సంగతి లోకానికంతా తెలుసు. జీడిమెట్లలో, బొల్లారంలో వరసగా లేచిన మందుల కంపెనీల్లో చేరిన ఆపరేటర్లు, కెమిస్టులు ఎందరో ముందు ఐ.డి.పి.ఎల్. క్యాంటీనులో భోంచేసినవాళ్ళే. హైదరాబాద్‌ను ఇవాళ మందుల రాజధాని అని పొగిడేటప్పుడు ఆ చెట్ల కింది క్వార్టర్లను ఎవరూ తలుచుకోరు, నాకది కష్టంగా ఉంటుంది.

దసరా ముందు బోనస్, దసరాకు ఆయుధ పూజ. ముందురోజు షెడ్డు మొత్తం కిరసనాయిలుతో తుడిచేవారు, ఏడాది జిడ్డు కింద నుంచి మిషన్ల అసలు పచ్చ రంగు బయటపడేది. లేత్ చక్‌కు బంతిపూల దండ, పసుపు బొట్లు, టూల్స్ అన్నీ పీట మీద వరసగా, వాటి నడుమ మఖ్మల్ డబ్బా మూత తీసి మైక్రోమీటరు. ఉస్తాద్ కొత్త కుర్తా వేసుకుని వచ్చి ఒక పక్కన నిలబడేవాడు, గుమ్మడికాయ పగిలాక మరమరాలు, పుట్నాలు, బెల్లం ముందు ఆయన దోసిట్లోనే పోసేవాడు నాయిన. ఆ ఒక్కరోజు గల్లీ గల్లీ అంతా ఏ మోతా లేక ఉండేది, మాట్లాడుకునే గొంతులు ఎంత దూరానికైనా వినిపించేవి.

ఎప్పుడు మొదలైందో గుర్తుపట్టలేనంత మెల్లగా షెడ్ల మోత తగ్గుతూ వచ్చింది. డ్రాయింగులు తెచ్చే సేటు ఖాళీ చేతులతో వచ్చే రోజులు పెరిగాయి. 1992లో ఐ.డి.పి.ఎల్.ను ఖాయిలా సంస్థగా తేల్చారు. ఆల్విన్ ముక్కలు ముక్కలైంది, ఫ్రిజ్‌ల విభాగం ఒకరికి, వ్యాన్ల విభాగం ఒకరికి పోయింది. దేశంలోకి బయటి సరుకు వచ్చే తలుపులు తెరుచుకున్నాయి, సర్కారు ఫ్యాక్టరీలకు కొత్త మిషన్లు కొనే డబ్బు రాలేదు, పాత మిషన్ల మీద చేసిన సరుకు ధరకు తూగలేదు. తొవ్వ మీద సైకిళ్ళు పలచబడ్డాయి. నాయిన షెడ్డులో నాలుగు లేత్‌లు మూడై, రెండై, చివరికి నాయిన లేత్ ఒక్కటే తిరిగేది. ఉస్తాద్ పోయినరోజు సాయంత్రం ఆయన కొడుకు వచ్చి మఖ్మల్ డబ్బా నాయిన చేతిలో పెట్టి వెళ్ళాడు.

1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజపేయి ప్రారంభించారు. అదే ఏడు మైక్రోసాఫ్ట్ వచ్చింది. మా పక్కనున్న మూసాపేట నుంచి అక్కడికి పెద్ద దూరమేమీ కాదు, మధ్యలో గుట్టలు, చెరువులు. పట్నం ఆ గుట్టలెక్కి అవతలికి దిగింది. అక్కడి కంప్యూటర్ కొలువులు ఎందరి ఇళ్ళలోనో దీపాలు వెలిగించాయి, మా ఇంట్లోనూ. మా అక్క కొడుకు గచ్చిబౌలిలో అద్దాల మేడలో పనిచేస్తాడు, వాడి ఒక్క నెల జీతం నాయిన ఏళ్ళ సంపాదన. వాడికీ రాత్రి షిఫ్టే, తెల్లారి కళ్ళు ఎర్రబడే వస్తాడు. కానీ నర్సాపూర్ రోడ్డెంబడి పది తప్పిన పిల్లగాడు ఇవాళ వచ్చి నిలబడితే ఆ మేడ గేటు దగ్గర కాపలా కొలువో, లోపలివాళ్ళకు అన్నం మోసే బండో తప్ప, ఇరవై ఏళ్ళలో ఉస్తాద్‌ను చేసే పని అక్కడ లేదు. నాకు బాధ అక్కడే.

ఇప్పుడు పట్నంలో ఖాళీ జాగ అన్నది లేదు. 2007లో కుత్బుల్లాపూర్, కూకట్‌పల్లి సహా పన్నెండు మున్సిపాలిటీలు నగరంలో కలిశాయి, 2017లో మెట్రో మూసాపేట మీదుగా స్తంభాలెక్కింది. చుట్టూ నిండిపోయాక, నడుమనున్న ఫ్యాక్టరీ పాలకుల కంటికి ఫ్యాక్టరీగా కాక స్థలంగా కనబడటం మొదలైంది. 2025 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఔటర్ రింగు రోడ్డు లోపలి పాత పారిశ్రామిక వాడల భూములను, దాదాపు 9,292 ఎకరాలను, ఇళ్ళకూ ఆఫీసులకూ దుకాణాలకూ మార్చుకోవచ్చంది, ఫ్యాక్టరీలు రింగు అవతలికి పోవాలంది. కాలుష్యం పోతుందన్నారు. ఆ నాలా పక్కన పెరిగినదాన్ని, అది శుభ్రపడాలని నాకంటే ఎక్కువ కోరేవాళ్ళుంటారా? అయితే పొగ గొట్టానికీ లేత్ షెడ్డుకూ తేడా చూడకుండా రెంటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదనుకుంటాను.

ఈమధ్య అమ్మ పాత గ్రైండరు షాఫ్టు విరిగితే బాలానగర్ పోయాను. సగం షెడ్ల చోట ఇనుము అమ్మే దుకాణాలు, టైల్స్ షోరూములు వచ్చాయి. మిగిలినవాటిలో ఒకదాంట్లో నన్ను గుర్తుపట్టినాయన ఒకప్పుడు నాయిన షెడ్డుకు చాయ్ తెచ్చిన పిల్లగాడు. ఇప్పుడు కిరాయి షెడ్డులో రెండు సి.ఎన్.సి. మిషన్లు, ఒక పాత లేత్ నడుపుతున్నాడు, పనివాళ్ళు ఒడిశా, బీహార్ పిల్లలు. జాగ యజమానిని బిల్డర్లు అడుగుతున్నారట, ఖాళీ చెయ్యమంటే రింగు అవతల షెడ్డు చూసుకోవాలి. పోతే ఏమైతదని అడిగాను.

"నేనొక్కణ్ణి పోతే ఏం చెయ్యాలె అక్కా? ఉక్కు రోడ్డవతల దొరుకుతది. వేడి పట్టించి గట్టి చేసేటోడు ఆ మూడో గల్లీల ఉన్నడు. గ్రైండింగ్ ఈ వెనకనే. ప్లేటింగ్ ఇంకొంచెం ముందల. పిల్లగాండ్లు జగద్గిరిగుట్టల ఉంటరు, నడిచే వస్తరు. వీళ్ళందర్ని ఒక్క లారీల ఎక్కించుకొని పోవస్తదా?"

విరిగిన షాఫ్టు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ఐదింటికి రమ్మన్నాడు. రోడ్డవతల కొన్న కడ్డీ ఆ మధ్యాహ్నం ఆయన పాత లేత్ మీద తిరిగి, మూడో గల్లీలో గట్టిపడి, వెనక సందులో నునుపై, ఐదు కొట్టేసరికి కాగితంలో చుట్టి తయారుగా ఉంది. డబ్బులు వద్దన్నాడు, బలవంతంగా ఇచ్చాను.